ఆట ప్యాకేజీకి టీమ్ ఉంది, పట్టించుకునే మనిషి లేడు. ఏం చేస్తే బాగుపడుతుంది?

బీటీఎం_రవళి
మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి ఒక ఆట అంటే ప్రాణం. సీ భాషలో రాసిన చిన్న వ్యూహాల ఆట, ఇరవై ఏళ్ళ కిందటిది. ఏ ఆట, ఏ డిస్ట్రో (లినక్స్ పంపిణీ) అన్నది చెప్పను. ఎవరినీ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. డెబియన్ కుటుంబంలోదే అనుకోండి. కొత్త కంపైలర్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేది) వచ్చాక అది బిల్డ్ కావడం ఆగిపోయింది. రెండు రాత్రులు కూర్చుని కారణం పట్టుకున్నాను. మూడు ఫైళ్ళలో హెడర్లు (ఫంక్షన్లను ప్రకటించే ఫైళ్ళు) చేరిస్తే సరిపోయింది. ప్యాచ్ (కోడ్ సవరణ) తయారుచేసి, దాన్ని చేర్చుకోమని మెర్జ్ రిక్వెస్ట్ పెట్టాను. ఏడు నెలలైంది. ఔనని లేదు, కాదని లేదు. ఈలోపు ఆటను టెస్టింగ్‌లోంచి, అంటే తర్వాతి విడుదలకు సిద్ధమవుతున్న ప్యాకేజీల్లోంచి, తీసేశారు. కొత్త స్టేబుల్ విడుదల అది లేకుండానే వచ్చేసింది.

ప్యాకేజీ పేజీ తెరిస్తే మెయింటైనర్ (ప్యాకేజీ చూసుకునేవారు) అన్నచోట టీమ్ పేరు, కింద నలుగురి పేర్లు. అందులో ఇద్దరు ఏళ్ళ తరబడి ఏ ప్యాకేజీనీ ముట్టుకున్నట్టు లేదు. మా ఊళ్ళో ఉమ్మడి చెరువు పూడిక ఇలాగే ఉండేది. అందరిదీ కాబట్టి ఎవరూ పార పట్టరు.

జీతం లేకుండా చేస్తున్న వాళ్ళు, నాకు తెలుసు. అందుకే తిట్టడానికి రాలేదు. ఈ పని తీరు మెరుగుపడాలంటే మనలాంటి వాళ్ళం ఏం చేయగలం? నేను సిద్ధంగా ఉన్నాను, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఎస్పీరోడ్_శ్రీను
ఏడు నెలలా! నాకు నాలుగు నెలలకే విసుగొచ్చి వదిలేశాను. ఏ ఆటో విడిగా మెసేజ్ పెట్టండి, మా ఇంట్లో బిల్డ్ చేసి చూస్తాను.

పాతకాపు
రవళి గారూ, మీ ప్యాచ్ బాగాలేక ఆగి ఉండదు. అసలు ఎవరి కంటా పడి ఉండదు. డెబియన్ కోడ్ ఉండే సల్సా సైట్‌లో మెర్జ్ రిక్వెస్ట్ పెడితే ఆ రిపోకు (ఆ ప్యాకేజీ కోడ్ ఉండే చోటుకు) నోటిఫికేషన్ పెట్టుకున్న వాళ్ళకే మెయిల్ వెళ్తుంది. ఆటల టీమ్ కింద వందల రిపోలు ఉంటాయి, అన్నిటికీ పెట్టుకునేవాళ్ళు అరుదు. డెబియన్‌లో పని కదిలేది బగ్ నంబరుతో. ముందు బగ్ మీద మీ ప్యాచ్ జతచేసి, దానికి ప్యాచ్ అన్న ట్యాగ్ పెట్టండి. ఆ మెయిల్ టీమ్ మెయిలింగ్ లిస్టుకు వెళ్తుంది, బగ్ పేజీలో అందరికీ కనిపిస్తుంది.

పాత సీ ఆటలకు ఈ దెబ్బ కొత్త కాదు. 2020లో జీసీసీ కంపైలర్ 10వ వెర్షన్ వచ్చినప్పుడు, ఒకే గ్లోబల్ వేరియబుల్ రెండు మూడు ఫైళ్ళలో ఉన్న ఆటలు లింకింగ్ (ముక్కలను కలిపే దశ) దగ్గర ఆగిపోయాయి. 2024లో జీసీసీ 14, ప్రకటించని ఫంక్షన్‌ను పిలిస్తే హెచ్చరికతో సరిపెట్టకుండా ఎర్రర్ ఇవ్వడం మొదలుపెట్టింది. మీ ఆటకు తగిలింది ఈ రెండోదే అయి ఉంటుంది. కొత్త కంపైలర్‌తో ఆర్కైవ్ (డెబియన్ ప్యాకేజీల భాండారం) మొత్తాన్ని మళ్ళీ బిల్డ్ చేసి చూస్తారు. బిల్డ్ కాని ప్రతిదాని మీదా బగ్ పడుతుంది, ఆ కంపైలర్ డిఫాల్ట్ అయ్యేసరికి అది సీరియస్ (విడుదలను ఆపే) బగ్ అవుతుంది. ఎవరూ పలకకపోతే కొన్నాళ్ళకు ఆ ప్యాకేజీ టెస్టింగ్‌లోంచి దానంతట అదే పోతుంది. మిమ్మల్ని కాదని ఎవరో నిర్ణయం తీసుకోలేదు, అక్కడ పని చేసింది ఒక స్క్రిప్టు.

ఫణి_కంటైనర్
నాకు అర్థం కానిది ఒకటే. ఇన్ని తిప్పలు పడి ఆటలను డిస్ట్రోలో ఎందుకు ఉంచాలి? ఫ్లాట్‌ప్యాక్ ఉంది, ఏ డిస్ట్రోలోనైనా నడిచే ప్యాకేజీ పద్ధతి. ఆట రాసినవాళ్ళే దాని స్టోర్ ఫ్లాట్‌హబ్‌లో పెడతారు, కొత్త వెర్షన్ అదే రోజు వస్తుంది. బ్రౌజర్, కెర్నల్ లాంటివి డిస్ట్రో చూసుకోవాలి, ఒప్పుకుంటాను. ఆటలకు ఇంత శ్రమ వృథా అనిపిస్తుంది.

ఎస్పీరోడ్_శ్రీను
@ఫణి ఆట రాసినవాళ్ళే పెడతారు సరే, రాసినవాళ్ళే లేని ఆటల సంగతి? రవళి గారు చెప్పినట్టు ఇరవై ఏళ్ళ కిందటివి చాలావాటికి అప్‌స్ట్రీమ్ (అసలు రాసినవాళ్ళ పని) ఎప్పుడో ఆగిపోయింది. వాటిని బతికిస్తున్నది డిస్ట్రోల ప్యాచ్‌లే.

హిందూపురం_బండి
ఫణి గారూ, నా అనుభవం చెబుతాను. నేను ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో. నెలకు రెండు శనివారాలు హిందూపురం దగ్గర ఒక ఊరి బడికి వెళ్తాను. అక్కడ ఎస్పీ రోడ్‌లో కొన్న పాత కంప్యూటర్లు పన్నెండు పెట్టాం. నెట్ అంటే హెడ్‌మాస్టర్ గారి ఫోన్ హాట్‌స్పాట్. పిల్లలకు జీకాంప్రీ, టక్స్ పెయింట్, టక్స్ మ్యాథ్ కావాలి. ఒక మెషీన్‌లో ఆప్ట్ కాషర్ పెట్టాను. ప్యాకేజీ ఒక్కసారి దిగితే మిగతా పదకొండూ అక్కడి నుంచే తీసుకుంటాయి. నా పెన్‌డ్రైవ్‌లో అవే డెబ్ (ప్యాకేజీ) ఫైళ్ళు ఉంటాయి. ఫ్లాట్‌ప్యాక్ అయితే ముందు రన్‌టైమ్ (ఆటలు ఆధారపడే లైబ్రరీల మూట) దిగాలి, అదే వందల ఎంబీలు. అక్కడి హార్డ్ డిస్కులు 80 జీబీవి.

ఆ బడికి డిస్ట్రోలో ఉన్న ఆటే ఆట. లేనిది లేనట్టే. మొన్న ఒక పాప టక్స్ మ్యాథ్ ఇంకో మెషీన్‌లో ఎందుకు తెరుచుకోవడం లేదని అడిగితే, ఏడుస్తుందేమో అని టెన్షన్ పడి నా ల్యాప్‌టాప్ ఇచ్చేశాను.

ఫణి_కంటైనర్
బడి విషయం నేను ఆలోచించలేదు. నెట్ లేనిచోట మీరన్నది నిజం. అయినా నెట్ బాగా ఉన్న చోట, తరచూ మారే పెద్ద ఆటలకు ఫ్లాట్‌ప్యాకే మేలని ఇప్పటికీ అంటాను. ఉన్న కొద్దిమంది వాలంటీర్లు దేనిమీద టైమ్ పెట్టాలో ఎంచుకోవాలి కదా.

తంగేడు
ఫణి చివరి మాటతో ఏకీభవిస్తాను. ఎంచుకోవాలి. ఎంచుకోకపోవడమే ఇక్కడ జబ్బు. నేను ఆరేళ్ళుగా కొన్ని ఆటల ప్యాకేజీలు చూస్తున్నాను. ఎవరైనా కొత్త ఆట ప్యాక్ చేయడానికి ఉత్సాహంగా వస్తారు. అది న్యూ క్యూ (కొత్త ప్యాకేజీల తనిఖీ వరస) దాటి ఆర్కైవ్‌లోకి వెళ్ళిన రోజు సంబరం. తర్వాత వచ్చే ఐదేళ్ళ చాకిరీ గురించి ఆ రోజు ఎవరూ అడగరు. కొత్త ఆట తెచ్చేవాళ్ళను ఒక మాట అడగాలి: ఇప్పటికే ఉన్న ఒక పాత ఆటకు కూడా తోడుంటారా అని.

ఇంకో ముఖ్యమైన విషయం, మెయింటైనర్ తలలో ఉన్నది కాగితం మీదికి రావాలి. నాకు ఒక ఆట అప్పగించినప్పుడు అందులో 23 ప్యాచ్‌లు ఉన్నాయి. తొమ్మిదింటికి ఎందుకు పెట్టారో ఒక్క ముక్క లేదు. ఒకదాన్ని చూసి ఇది పనికిమాలినది అనుకుని తీసేయబోయాను. అదృష్టం కొద్దీ పాత మెయింటైనర్ మెయిల్‌కు జవాబిచ్చారు. స్కోర్ల ఫైలు అందరు యూజర్లకూ ఉమ్మడిగా వార్ (/var) కింద గేమ్స్ డైరెక్టరీలో ఉంటుంది, దాంట్లో రాయడానికి ఆట సెట్‌జీఐడీ గేమ్స్‌గా, అంటే గేమ్స్ గ్రూపు హక్కుతో, నడుస్తుంది. ఆ ప్యాచ్ ఏం చేస్తుందంటే, ఆట మొదలవగానే స్కోర్ల ఫైలు తెరిచి, వెంటనే ఆ అదనపు హక్కు వదిలేస్తుంది. అది తీసేసి ఉంటే ఆటలో ఏ చిన్న బగ్ ఉన్నా ఆ హక్కు వేరేవాళ్ళ చేతికి పోయేది. ప్యాచ్ పైన రెండు లైన్లు రాసి ఉంటే నాకు ఆ గండం ఉండేది కాదు. ప్యాచ్ పైన వివరణ, రాసిందెవరు, అప్‌స్ట్రీమ్‌కు పంపారా లేదా, ఈ మూడూ రాయడానికి డెప్ 3 అన్న పద్ధతి ఉంది. దయచేసి రాయండి.

కుందేలు_2
మేడమ్ అది చదువుతుంటే నాకే చెమట పట్టింది.

ఆర్చ్_అప్పారావు
ఆర్చ్ లినక్స్ వైపు, వాడేవాళ్ళే ప్యాకేజీలు పెట్టే ఏయూఆర్‌లో పద్ధతి సులువు. మెయింటైనర్ పలకకపోతే అనాథ చేయమని రిక్వెస్ట్ పెడతాం, స్పందన లేకపోతే ఇంకొకరు తీసుకుంటారు. డెబియన్‌లో అలాంటిది లేకపోవడమే సమస్య.

పాతకాపు
@అప్పారావు ఉంది. 2018 నుంచి ఉంది. ఇంటెంట్ టు సాల్వేజ్ అంటారు. ప్యాకేజీ ఆలనాపాలనా లేకుండా ఉందని చూపిస్తూ బగ్ పెట్టి 21 రోజులు ఆగాలి. మెయింటైనర్ వద్దనకపోతే, కనీసం ఏడు రోజుల ఆలస్యం ఉండే క్యూలోకి కొత్త వెర్షన్ ఎక్కించి ప్యాకేజీ తీసుకోవచ్చు. తీసుకోవాలని లేదు, ఒక్క బగ్ సరిచేస్తే చాలు అనుకుంటే ఎన్ఎంయూ, అంటే మెయింటైనర్ కానివారి అప్‌లోడ్. దానికి మామూలుగా పది రోజుల ఆలస్యపు క్యూ, ఎప్పటి నుంచో పట్టించుకోని విడుదలను ఆపే బగ్ అయితే ఇంకా తక్కువ. ఇన్ని దారులున్నా జనం వాడరు. పెద్దల ఇంట్లోకి అడగకుండా వెళ్ళినట్టు మొహమాటం.

మడివాల_రాత్రి
మొహమాటం సంగతి వదిలేయండి, అప్‌లోడ్ చేసే హక్కే మనకు లేదు కదన్నా? డెబియన్ డెవలపర్ అయి ఉండాలి. లేదా డెబియన్ మెయింటైనర్ అయి, ఆ ప్యాకేజీకి అనుమతి ఉండాలి. రవళి గారికి, నాకు ఏదీ లేదు. స్పాన్సర్, అంటే మన బదులు అప్‌లోడ్ చేసే డెవలపర్, దొరకాలి. మెంటర్స్ సైట్‌లో పెట్టి ఎదురుచూడాలి. అసలు ముడి అక్కడుంది. ప్యాచ్‌లు రాసేవాళ్ళు తక్కువేమీ లేరు, చూసి సంతకం పెట్టేవాళ్ళు తక్కువ.

తంగేడు
@మడివాల నిజమే. స్పాన్సర్ వైపు నుంచి కూడా చూడండి. నా సంతకంతో వెళ్ళేదానికి పూచీ నాది. ఎవరో పంపిన ఆట ప్యాకేజీ తెరిస్తే మొదట కాపీరైట్ ఫైలు చూస్తాను, సగం సార్లు అక్కడే ఆగుతుంది. కోడ్ జీపీఎల్ (స్వేచ్ఛా లైసెన్సు) అని రాస్తారు. బొమ్మలు, పాటలు, ఫాంట్లు ఎవరివో చూడరు. సంగీతం వాణిజ్యానికి వాడకూడదు అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఉంటే అది మెయిన్‌లోకి (పూర్తిగా స్వేచ్ఛగా ఉన్నవే ఉండే భాగం) రాదు. ఒకసారి ఒక్క పాట వల్ల ఆట మొత్తం ఆగింది. పాట కట్టినాయనకు మెయిల్ రాస్తే, మూడు రోజుల్లో లైసెన్స్ మార్చి ఇచ్చారు. అడిగేవాళ్ళు లేక అది అప్పటిదాకా ఆగింది.

ఓపెన్ టీటీడీ అనే రవాణా ఆట కథ తెలుసుగా? ఇంజిన్ స్వేచ్ఛగా ఉన్నా బొమ్మలు పాత వాణిజ్య ఆటవి కావాల్సి రావడంతో చాలాకాలం కాంట్రిబ్‌లో (స్వేచ్ఛ లేనివాటిపై ఆధారపడేవి ఉండే భాగం) ఉంది. ఓపెన్ జీఎఫ్ఎక్స్ పేరుతో వాలంటీర్లు బొమ్మలన్నీ కొత్తగా గీశాకే మెయిన్‌లోకి వచ్చింది. ప్యాకేజీ పని అంటే కోడే కానక్కర్లేదు అనడానికి ఇది చాలు.

ఎస్పీరోడ్_శ్రీను
అంటే కోడ్ రానివాళ్ళు కూడా లైసెన్సులు చూసి పెట్టవచ్చా? మా చెల్లెలు లా చదువుతోంది. బొమ్మలు పంపితే కూర్చుని లిస్టు రాసేస్తుంది.

తంగేడు
వచ్చు! వెంటనే పంపించండి. ఎవరూ చేయని పని అదే.

కుందేలు_2
నాదో ప్రశ్న. ప్యాకేజీ బిల్డ్ అయింది, లింటియన్ (ప్యాకేజీ తప్పులు పట్టే సాధనం) ఏమీ అనలేదు. ఇక అప్‌లోడ్ చేయడమేగా?

హిందూపురం_బండి
కాదు తమ్ముడూ. నేను పైన చెప్పిన తెరుచుకోని మెషీన్ గుర్తుందా. అక్కడ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయింది, మెనూలో బొమ్మ వచ్చింది, నొక్కితే నల్ల తెర. బిల్డ్ కావడం వేరు, ఆడటం వేరు. ఎవరో ఒకరు కూర్చుని ఆడి చూడాలి.

పాతకాపు
ఆడి చూడటం మంచిదే, కానీ ముప్పై ప్యాకేజీలున్నవాడు ప్రతి అప్‌లోడ్‌కూ ముప్పై ఆటలు ఆడలేడు. అది యంత్రానికి అప్పగించాలి. ఆటోప్యాక్‌టెస్ట్‌లో (డెబియన్ ఆటోమేటిక్ పరీక్ష) ఎక్స్‌వీఎఫ్‌బీ (ఉత్తుత్తి తెర) కింద ఆట మొదలుపెట్టి, ఇరవై సెకన్లు నడిపి, కూలిపోకుండా ఉందో లేదో చూస్తే చాలు. గ్రాఫిక్ కార్డు లేకపోయినా మెసా సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌తో ఓపెన్‌జీఎల్ (3డీ గ్రాఫిక్స్) నడుస్తుంది. సౌండ్‌కు ఎస్‌డీఎల్‌లో (ఆటల లైబ్రరీ) డమ్మీ డ్రైవర్ ఉంది. నెట్‌వర్క్ ఆట అయితే తెర లేని సర్వర్‌ను లేపి పోర్టు తెరుచుకుందో లేదో చూడండి. దీనివల్ల ఇంకో లాభం, టెస్ట్ పాసైతే, కొత్త అప్‌లోడ్‌లు ముందు చేరే అన్‌స్టేబుల్ నుంచి టెస్టింగ్‌కు ఐదు రోజులకు బదులు రెండు రోజుల్లోనే వెళ్తుంది.

తంగేడు
@పాతకాపు మీతో పూర్తిగా ఒప్పుకోలేను అన్నా. ఇరవై సెకన్లు కూలకపోవడం అంటే టైటిల్ తెర వచ్చిందని మాత్రమే. నాకొచ్చిన బగ్‌లలో ఎక్కువ భాగం ఆట మధ్యలోవి. సేవ్ చేసిన ఆట కొత్త వెర్షన్‌లో తెరుచుకోకపోవడం, మూడో లెవెల్‌లో డేటా ఫైలు దొరక్కపోవడం. డేటా ప్యాకేజీ విడిగా ఉండి, రెండింటి వెర్షన్లూ కలవకపోతే వచ్చేవి ఇవే. టెస్ట్ కావాలి, మనిషి కూడా కావాలి. ఆ మనిషి ప్యాక్ చేసినవాడే కానక్కర్లేదు. రవళి గారి తమ్ముడిలాంటి వాడైతే ఇంకా మంచిది, ఆ ఆట అణువణువూ తెలిసినవాడు.

బీటీఎం_రవళి
మా వాడికి ఈ మాట చూపించాను. ఆడినందుకు బగ్ రిపోర్ట్ రాయాలంటే ఇప్పుడే మొదలుపెడతానన్నాడు. అమ్మ మాత్రం పరీక్షలు అయ్యాకే అంది.

మడివాల_రాత్రి
వెస్నాత్ అనే వ్యూహాల ఆట ఆడేవాళ్ళకు ఒక మాట. స్టేబుల్‌లో ఉన్న పాత వెర్షన్‌తో కొత్త వెర్షన్ వాళ్ళతో ఆడలేం, సీరీస్ వేరైతే కుదరదు. అందుకే డెబియన్‌లో దాని సోర్స్ ప్యాకేజీ పేరులోనే సీరీస్ నంబరు ఉంటుంది, 1.16, 1.18 అలా. నెట్‌వర్క్ ఆటలన్నిటికీ ఇలాంటి ఆలోచన ఒకటి కావాలి. ఫ్రీజ్‌కు (విడుదల కోసం మార్పులు ఆపేయడం) ముందు ఏ వెర్షన్ ఎక్కాలో అప్‌స్ట్రీమ్‌తో మాట్లాడి పెట్టుకోవాలి. చివరి వారంలో పరిగెడితే కుదరదు.

ఏటిగట్టు
ఇన్నాళ్ళూ చదవడమే కానీ ఇక్కడ రాయలేదు. రవళి గారు చెప్పిన నలుగురి పేర్ల లిస్టు చూసి రాయాలనిపించింది. అది నా పేరు కాదనుకుంటాను, కానీ వేరే రెండు ప్యాకేజీల మీద అలాగే ఉన్న పేరు నాది.

2016 నుంచి 2019 దాకా వారాంతాలన్నీ ఆటల ప్యాకేజీలకే పెట్టాను. పైథాన్ 2 తీసేసే సమయంలో, 2021లో డెబియన్ బుల్స్‌ఐ విడుదలకు ముందు, నా చేతిలోని పైగేమ్ (పైథాన్ ఆటల లైబ్రరీ) ఆటలు రెండు పైథాన్ 3కు మార్చాల్సి వచ్చింది. అప్పుడే పాప పుట్టింది, ఆఫీసు మారాను. ఒక బగ్‌కు జవాబివ్వలేకపోయాను. తర్వాత రెండోదానికి. నెల దాటాక జవాబివ్వడానికి సిగ్గేసింది. ఆరు నెలలు దాటాక ఆ మెయిల్ ఫోల్డరే తెరవడం మానేశాను. ప్యాకేజీలు వద్దనుకోలేదు, వాటి మీద ప్రేమ పోలేదు. వదిలేస్తున్నానని రాయడం అంటే ఓడిపోయినట్టు అనిపించింది. పలకని ప్రతి మెయింటైనర్ వెనకా నిర్లక్ష్యమే ఉంటుందని అనుకోవద్దని చెప్పడానికి ఇది రాస్తున్నాను. కానీ నా మౌనం వల్ల రవళి గారిలాంటి వాళ్ళ పని ఆగిందన్నది కూడా నిజం. ఒక్క లైను రాసి ఉంటే ఇంకొకరు తీసుకునేవారు.

తంగేడు
ఏటిగట్టు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ ఫోల్డర్ నాకూ ఉంది.

పాతకాపు
ఏటిగట్టు గారు చెప్పినదాన్లోనే దారి ఉంది. సంవత్సరానికి ఒకసారి, విడుదల అయిన నెలలో అనుకుందాం, టీమ్‌లో ప్రతి పేరుకూ ఒకే ప్రశ్నతో మెయిల్ వెళ్ళాలి: ఈ ప్యాకేజీ మీద ఈ ఏడాది ఉంటారా? జవాబు రాకపోతే తప్పు పట్టకుండా పేరు తీసి పక్కన పెట్టాలి, ఎప్పుడైనా తిరిగి చేర్చవచ్చు. అలా అయితే వదిలేయడం ఒక మామూలు పని అవుతుంది, రాజీనామాలా అనిపించదు. ప్యాకేజీ పేజీలో కనిపించే పేర్లు నిజంగా పలికే పేర్లు అవుతాయి. వెలితి ఎక్కడుందో కొత్తవాళ్ళకు అక్కడే తెలుస్తుంది.

ఫణి_కంటైనర్
ఇది నాకు నచ్చింది. ఆ మెయిల్ పంపే స్క్రిప్టు నేను రాస్తాను. మెయింటైనర్, అప్‌లోడర్ల వివరాలు డెబియన్ యూడీడీ డేటాబేస్‌లో ఉంటాయి కదా, అక్కడి నుంచి లాగితే సరి.

ఆర్చ్_అప్పారావు
జవాబు రాని పేరు తీసేయడం మాత్రం స్క్రిప్టుకు ఇవ్వకండి. మనిషే చూడాలి. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు ఉంటారు, ఇంకా ఏవేవో ఉంటాయి.

ఫణి_కంటైనర్
ఒప్పుకున్నాను. స్క్రిప్టు లిస్టు మాత్రమే ఇస్తుంది.

ఏటిగట్టు
నా రెండు ప్యాకేజీలకూ ఈ రాత్రే ఆర్ఎఫ్ఏ (ఎవరైనా తీసుకోండన్న వినతి) పెట్టాను. ఎవరైనా తీసుకుంటే వాటి చరిత్ర మొత్తం కూర్చుని చెబుతాను. నాకు తెలిసినవన్నీ రీడ్‌మీ సోర్స్ ఫైలులో రాస్తున్నాను, ఇప్పటికి రెండు పేజీలైంది.

మడివాల_రాత్రి
అందులో ఒకటి నేను తీసుకుంటాను అన్నా. పైథాన్ నాకు వచ్చు. మీరు ఎక్కడుంటారు?

ఏటిగట్టు
జయనగర్ నాలుగో బ్లాక్. ఆదివారం ఇంటికే రండి. ఇంకా ఎవరైనా వస్తానంటే హాల్లో ఎనిమిది మంది పడతారు. నెట్ బాగానే ఉంటుంది. ఆర్‌వీ రోడ్ మెట్రో నుంచి ఆటోలో దగ్గరే.

ఎస్పీరోడ్_శ్రీను
నేను, మా చెల్లెలు వస్తాం. ఎక్స్‌టెన్షన్ బోర్డులు రెండు తెస్తాను. ఉప్మా ఎవరు చేస్తారో చెప్పండి, పొద్దున్నే బయలుదేరతాం.

పాతకాపు
నేనూ వస్తాను. ఒక చిన్న మాట. ఒక్కొక్కరు ఒకే ప్యాకేజీ పట్టుకోండి, ఇద్దరికి ఒకటైతే మరీ మంచిది. ఒకరు ప్యాక్ చేయాలి, రెండోవారు ఆడి చూడాలి. ఒకరు ఊరెళ్ళినా రెండోవారు ఉంటారు. ఎక్కువ పెట్టుకుంటే మూడో నెలకు ఈ గుంపూ మాయమవుతుంది, అలాంటివి చూశాను. ఇంట్లో ఎస్‌బిల్డ్ (ప్యాకేజీని విడిగా, శుభ్రమైన చోట బిల్డ్ చేసే సాధనం) ముందే అమర్చుకుని రండి, అక్కడ దాంతోనే రెండు గంటలు పోకూడదు.

రవళి గారూ, మీ మెర్జ్ రిక్వెస్ట్ చూశాను. ప్యాచ్ సరిగ్గా ఉంది. మూడు పనులు మిగిలాయి. ప్యాచ్ పైన వివరణ రాయండి, చేంజ్‌లాగ్‌లో బగ్ నంబరు మూసేలా చేర్చండి, సల్సా సీఐ (ఆటోమేటిక్ బిల్డ్, పరీక్షలు) ఆన్ చేయండి. టీమ్ లిస్టుకు కూడా ఒక మెయిల్ రాసి, నన్ను కాపీలో పెట్టండి. వాళ్ళకు అభ్యంతరం లేకపోతే నేను స్పాన్సర్ చేస్తాను.

బీటీఎం_రవళి
ఏడు నెలల తర్వాత నా ప్యాచ్ ఎవరో చదివారు. అది చాలు ఈ రోజుకి. మెయిల్ రాశాను. కొత్త వెర్షన్ వచ్చిందా అని చూసే వాచ్ ఫైలు కూడా పాడైంది, పాత డౌన్‌లోడ్ సైట్ చిరునామా ఉంది. అదీ సరిచేస్తాను.

బీటీఎం_రవళి
సీఐలో బిల్డ్, లింటియన్ పాసయ్యాయి. పైయుపార్ట్స్ (ఇన్‌స్టాల్, తొలగింపు పరీక్ష) ఫెయిలైంది. ప్యాకేజీని పర్జ్ చేసినా, అంటే సెట్టింగులతో సహా తీసేసినా, స్కోర్ల డైరెక్టరీ మిగిలిపోతోందట. తంగేడు గారూ, పర్జ్ చేసినప్పుడు పిల్లల స్కోర్లు పోవడం సరైనదేనా? నాకు మనసొప్పడం లేదు.

తంగేడు
మామూలుగా తీసేస్తే స్కోర్లు ఉంచాలి, పర్జ్ చేస్తేనే పోవాలి. ప్యాకేజీ తీసేశాక నడిచే పోస్ట్‌ఆర్‌ఎం స్క్రిప్టులో పర్జ్ అన్న కేసులో మాత్రమే రాయండి. పర్జ్ అన్నవాళ్ళు అంతా పోవాలనే అడుగుతున్నారు.

హిందూపురం_బండి
రవళి గారూ, సీఐలో తయారైన డెబ్ ఫైలు దింపుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. ఈ శనివారం బడిలో మూడు మెషీన్లలో వేసి చూశాను. రెండింట్లో చక్కగా ఆడింది, పిల్లలు లేవనివ్వలేదు. మూడోదాంట్లో ఆట తెరుచుకుంటోంది కానీ శబ్దం లేదు.

బీటీఎం_రవళి
ఆ మూడోదాంట్లో వేరే ఆటల శబ్దం వస్తోందా? టెర్మినల్ నుంచి తెరిస్తే వచ్చే లైన్లు ఫోటో తీసి పెట్టండి. ఆదివారం ఏటిగట్టు గారింట్లో ముందు అదే చూద్దాం.